పన్నెండు అడుగుల నీళ్లలో విన్నది

నా దగ్గరున్న బేసిస్ 3 బోర్డు చిప్‌లో గుణకారాలు చేసే డీఎస్‌పీ బ్లాకులు 90. నేను రాసిన డిజైన్ అడిగినవి 384. డిజైన్‌ను చిప్‌లో అమర్చే వివాడో సాఫ్ట్‌వేర్ ఆ మాటను ఎర్ర అక్షరాల్లో చూపించి ఆగిపోయింది. 2024 ఆగస్టు, ఎంటెక్ ప్రాజెక్టు మొదలుపెట్టి మూడో వారం. ఇంతకన్నా పెద్ద బోర్డు మా ల్యాబ్‌లో లేదు, కొనే స్తోమత నాకు లేదు.

చేయాలనుకున్నది ఇది. కృష్ణలోకి ఒక హైడ్రోఫోన్ దించాలి, అంటే నీళ్లలో వినే మైకు. దాన్నుంచి వచ్చే శబ్దాన్ని మనిషి చెవిలా విడగొట్టే ఫిల్టర్లను ఎఫ్‌పీజీఏ చిప్ మీద పెట్టాలి, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే రాసి మార్చుకోగల చిప్ మీద. పడవ వెళ్తే తెలియాలి. రాత్రిపూట, మంచు పట్టినప్పుడు కెమెరాకు ఏమీ కనిపించదు. నీళ్లలో శబ్దం మాత్రం సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో వస్తుంది, గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైనే. మరి రికార్డు చేసి తర్వాత వినొచ్చు కదా అని చాలామంది అడిగారు. సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచిన అంకెలు, ఒక్కోటి 24 బిట్లు. లెక్క కడితే రోజుకు 12 గిగాబైట్ల పైన. బ్యాటరీ మీద నడిచే చిన్న పెట్టె అంత డేటాను ఒడ్డుకు పంపలేదు. అక్కడికక్కడే విని, విన్నదేమిటో ఒక్క ముక్కలో చెప్పాలి.

చెవి ఎందుకు, శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టడానికి మామూలుగా అందరూ వాడే ఎఫ్ఎఫ్‌టీ లెక్క ఉందిగా అని మా గైడ్ మేడమ్ మొదటి రోజే అడిగారు. నాకు నచ్చిన ప్రశ్న అది. 1024 శాంపిళ్ల ఎఫ్ఎఫ్‌టీ తీసుకుంటే శబ్దాన్ని 47 హెర్ట్జ్ వెడల్పున సమానమైన గదులుగా కోస్తుంది. ఇంజన్ల బొంగురు చప్పుడంతా కిందున్న రెండు మూడు గదుల్లో కిక్కిరిసిపోతుంది. పైనేమో అంత సన్నగా కోయాల్సిన పనే లేదు, కానీ కోస్తుంది. పైగా టిక్కుమని వెయ్యో వంతు సెకనులో అయిపోయే చప్పుడు కూడా 21 మిల్లీసెకన్ల కిటికీలో కలిసిపోతుంది. చెవి అలా చేయదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా అనే గొట్టం ఉంటుంది, సాగదీస్తే 35 మిల్లీమీటర్లు. శబ్దం అందులోని పొర మీద అలలా ముందుకు పోతుంది. కీచు శబ్దాలు మొదట్లోనే ఆగిపోతాయి, బొంగురువి చివరిదాకా వెళ్తాయి. ఆ అలను కనిపెట్టినందుకే గేఓర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ ఇచ్చారు. కింద సన్నటి ఫిల్టర్లు, పైన వెడల్పాటివి. పైవాటికి టక్కున స్పందించే గుణం ఉంటుంది. నీళ్లలో ఏ చప్పుడు వస్తుందో ముందు తెలియనప్పుడు ఇంతకన్నా మంచి అమరిక నాకు కనిపించలేదు.

దీన్ని సిలికాన్ మీద పెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు. రిచర్డ్ లయన్, కార్వర్ మీడ్ 1988లోనే అనలాగ్ కాక్లియా చిప్ గురించి రాశారు. తర్వాత లయన్ తయారుచేసిన కార్‌ఫాక్ అనే చెవి మోడల్‌ను 2018లో ఆస్ట్రేలియాలోని వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీ వాళ్లు ఎఫ్‌పీజీఏ మీదికి తెచ్చారు. నేను తీసుకున్నది కార్‌ఫాక్‌లో సగం. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఎక్కువగా ఊగే చిన్న చిన్న రెజొనేటర్లు ఒకదాని వెనక ఒకటి, మెట్లలా. మొదటి మెట్టు విన్నది విని మిగిలింది రెండో మెట్టుకు ఇస్తుంది, అది మూడోదానికి. అలా 64 మెట్లు. ఒక్కో మెట్టుకు రెండు జ్ఞాపకాలు (గుర్తుంచుకోవాల్సిన అంకెలు), ఆరు గుణకారాలు. ఆరు ఇంటూ 64 అంటేనే ఆ 384.

పరిష్కారం ఆ మెట్లలోనే ఉంది. శాంపిల్ సెకనుకు 48 వేల సార్లు వస్తుంది, చిప్ క్లాక్ సెకనుకు పది కోట్లసార్లు కొట్టుకుంటుంది. అంటే ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ మధ్య 2083 క్లాకుల ఖాళీ. 64తో భాగిస్తే మెట్టుకు 32. ఎలాగూ రెండో మెట్టు మొదటి మెట్టు జవాబు కోసం ఆగాలి. అలాంటప్పుడు 64 రెజొనేటర్లు కట్టడం దేనికి, ఒక్కటి కట్టి దాన్నే 64 సార్లు తిప్పొచ్చు. ప్రతి మెట్టు జ్ఞాపకాలు చిప్ లోపలి మెమరీ అయిన బ్లాక్ ర్యామ్‌లో దాచుకుని, దాని వంతు రాగానే తీసి, పని చేసి, మళ్లీ పెట్టేయడం. 384 కాస్తా ఆరైంది. మధ్యలో రిజిస్టర్లు పెట్టి గుణకారాలను విడగొట్టకపోతే పది నానోసెకన్లలో లెక్క పూర్తికాక టైమింగ్ ఫెయిలయ్యేది. అది రెండు రోజుల పని, అయిపోయింది. మెట్టుకు 18 క్లాకులు పట్టింది.

అప్పుడే వరద వచ్చింది. సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయి. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు తగిలాయి. బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చేశాయి. మా క్లాస్‌మేట్ ఇల్లు అక్కడే, వాళ్లు మేడ మీద రోజుల తరబడి ఉన్నారు. ల్యాబ్ గురించి ఎవరికీ ధ్యాస లేదు. నది దగ్గరికి వెళ్లడమన్న మాటే డిసెంబరు దాకా లేదు. కాబట్టి నీళ్ల కోసం బాబాయి దగ్గరికి వెళ్లాను.

బాబాయికి ఆటోనగర్‌లో సబ్‌మెర్సిబుల్ మోటార్ల రిపేరు షాపు. వైండింగ్ చేసిన మోటారును తిప్పి చూడటానికి వెనక సిమెంటు తొట్టి ఉంది. నీళ్లలో తిరిగే మోటారు, దాని చప్పుడు, అడిగితే ఎప్పుడైనా ఆన్ చేసే మనిషి. నాకు అంతకన్నా ఏం కావాలి? తొట్టి రెండు మీటర్లే, 100 హెర్ట్జ్ శబ్దానికి నీళ్లలో అలపొడవు 15 మీటర్లు. అందుకే అందులో కొలిచిన శబ్దం స్థాయిలను నేను ఎక్కడా రాసుకోలేదు. వైరు, బోర్డు, లెక్కలు సరిగ్గా ఉన్నాయా లేదా చూసుకోవడానికి మాత్రమే తొట్టి.

హైడ్రోఫోన్ నేనే చేశాను. గవర్నరుపేటలో కొన్న పీజో బిళ్లకు (ఒత్తిడి తగిలితే కరెంటు పుట్టించే బిళ్ల) షీల్డు వైరు అతికించి, చుట్టూ ఎరాల్డైట్ జిగురు పోసి ఆరబెట్టాను. నీళ్లలో వేసి, శబ్దాన్ని అంకెలుగా మార్చే ఆడియో బోర్డుకు సరాసరి కలిపితే పైపు మీద గోటితో కొట్టినది కూడా వినిపించింది. మోటారు ఆన్ చేస్తే మాత్రం సన్నటి కీచు తప్ప ఏమీ లేదు. పక్కన నిలబడ్డ నాకు కాళ్లకింద నేల గుయ్యిమంటోంది, నీళ్లలోని మైకుకు ఆ గుయ్యి లేదు.

బాబాయి స్క్రూడ్రైవర్ కొన తొట్టి గోడకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. ఆటోనగర్‌లో బేరింగ్ చూసే పద్ధతి అదే.

"వినపడతానే ఉందమ్మా. ఊగుతా మాట్లాడుతోంది ఇది. ఉయ్యాల ఊగినట్టు, సెకనుకు నాలుగైదుసార్లు."

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తప్పు ఆ రాత్రి దొరికింది. మీటరుతో చూస్తే నా బిళ్ల కెపాసిటెన్స్ 20 నానోఫారడ్లు. ఆడియో బోర్డు ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 కిలోఓమ్‌లు. ఈ రెండూ కలిస్తే 800 హెర్ట్జ్‌కు కింద ఉన్నదంతా కోసేసే ఫిల్టర్ తయారవుతుంది. నేను పెట్టకుండానే అది అక్కడ ఉంది. మధ్యలో ఎఫ్ఈటీ ట్రాన్సిస్టర్‌తో చిన్న ప్రీయాంప్ (ముందు యాంప్లిఫయర్) పెట్టి ఇన్‌పుట్‌ను ఒక మెగాఓమ్ చేశాక ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగింది. మోటారు గుయ్యి వచ్చేసింది. ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో అదే మోడల్ నడిపితే 100 హెర్ట్జ్ దగ్గరి ఛానల్, అంటే ఆ మెట్టు నుంచి బయటికొచ్చేది, సెకనుకు అయిదుసార్లు పైకీ కిందికీ ఊగుతోంది. ఇది రెండు పోళ్ల మోటారు. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అయస్కాంతపు లాగుడు 100 దగ్గర వస్తుంది. మోటారు స్లిప్ వల్ల, అంటే కాస్త వెనకబడి తిరగడం వల్ల, నిమిషానికి 3000 కాక 2850 తిరిగితే, చుట్టుకు రెండుసార్లు వచ్చే చప్పుడు 95 దగ్గర ఉంటుంది. రెండింటికీ తేడా అయిదు. బాబాయి స్క్రూడ్రైవర్‌తో విన్నది అదే.

ఇక బోర్డు. అదే రికార్డింగు, అదే మోడల్. ల్యాప్‌టాప్‌లో ఊగుతున్న ఛానల్ బోర్డు మీద కదలకుండా పడి ఉంది. గట్టి చప్పుడు ఇస్తే పలుకుతుంది, మెల్లగా ఇస్తే లేదు. అంతకన్నా విచిత్రం, ఏ శబ్దమూ ఇవ్వకపోయినా కింది ఛానళ్లు సున్నా దగ్గర లేవు, మైనస్ వైపు జారి ఉన్నాయి. ఎంత కిందికి వెళ్తే అంత ఎక్కువ జారాయి.

ఈ ఒక్క విషయం మీద అక్టోబరంతా పోయింది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ రెజొనేటర్ ఊయల లాంటిది. చిన్నగా తోస్తూ పోతే లోపలి విలువలు వచ్చిన శబ్దం కన్నా ఎన్నో రెట్లు పెరుగుతాయి. 48 వేల శాంపిళ్ల వేగంలో 50 హెర్ట్జ్ మెట్టుకు అది కొన్ని వందల రెట్లు. బయటికి ఇచ్చేటప్పుడు మళ్లీ చిన్నదవుతుంది కాబట్టి బయటినుంచి చూసేవాళ్లకు ఆ పెరుగుదల తెలియదు. నేను మొదట 16 బిట్ల లెక్క పెట్టాను. లోపల పొంగిపోయి అంకెలు తిరగబడ్డాయి. పొంగకుండా ఉండాలని వచ్చే శబ్దాన్ని పది బిట్లు కిందికి జరిపాను. 16లో పది పోతే మిగిలేది ఆరు. మెల్లని శబ్దాలన్నీ ఆ పదిలోనే ఉన్నాయి. అంటే మోటారు గుయ్యిని మొదటి మెట్టుకు చేరకముందే నేనే తుడిచేశాను.

జారడం సంగతి వేరు. చిప్ డిజైన్ రాసే వెరిలాగ్ భాషలో గుణకారం ఫలితాన్ని కుడికి జరిపితే, అంటే చివరి బిట్లను వదిలేస్తే, మిగిలిన ముక్క ఎప్పుడూ కిందికే తెగుతుంది. ప్లస్ అంకైనా మైనస్ అంకైనా తెగేది కిందికే. సగటున సగం బిట్టు నష్టం. ఒక్క మెట్టులో అది లెక్కలోకి రాదు. కానీ ఇవి మెట్లు. ప్రతి మెట్టూ తన నష్టాన్ని తర్వాతిదానికి అప్పజెప్తుంది, అది తనది కలిపి కిందికి పంపుతుంది. 64 మెట్లు దిగేసరికి ఆ నష్టం పదుల్లోకి వెళ్లింది. అసలు శబ్దానికి ఆరు బిట్లే ఉన్నప్పుడు పదుల్లో నష్టమంటే శబ్దం మునిగిపోయినట్టే.

జవాబు చిప్‌లోనే ఉంది. నా బోర్డు మీదున్న ఆర్టిక్స్ 7 చిప్‌లోని డీఎస్‌పీ బ్లాకు 25 బిట్లను 18 బిట్లతో గుణిస్తుంది. 16, 16 అని పుస్తకాల అలవాటుతో రాసింది నేను. జ్ఞాపకాలను 25 బిట్లు చేసి, గుణకాలను, అంటే ప్రతి మెట్టులో వాటిని గుణించే అంకెలను, 18 బిట్లు చేశాను. పొంగుకు పది వదిలినా శబ్దానికి 15 మిగిలాయి. కుడికి జరిపేముందు సగం కలిపి రౌండ్ చేయించాను. డీఎస్‌పీలు అవే ఆరు, ఒక్కటి కూడా పెరగలేదు. ఆ సాయంత్రం బోర్డు ఛానల్ ఊగడం మొదలుపెట్టింది. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను.

"నేను ముందే చెప్పాగా అమ్మా, ఊగుతోందని" అన్నాడు. చాలా సంతోషంగా అన్నాడు.

సంక్రాంతి వెళ్లాక నది దగ్గరికి వెళ్లాను. ఉండవల్లి కరకట్ట వైపు చేపలు పట్టే ఒక పెద్దాయన తన పడవ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. వెనక పొడవాటి కడ్డీ, దాని చివర ఫ్యాను, ఒక సిలిండర్ డీజిల్ ఇంజన్. ఆదివారం పొద్దున్నే, టూరిజం పడవలు భవానీ ద్వీపం వైపు తిరగడం మొదలుపెట్టకముందు, నేను రేవు మెట్ల పక్కన హైడ్రోఫోన్ దించి కూర్చున్నాను. అన్నీ బ్యాటరీ మీదే, కాబట్టి కరెంటు గుయ్యి గొడవ లేదు. ఆయన దూరంగా వెళ్లి తిరిగొచ్చాడు.

కింది ఛానళ్లు ఖాళీ.

గుండె జారిపోయింది. మళ్లీ అదే తప్పు ఎక్కడో మిగిలిపోయిందని వారం రోజులు వెతికాను. ప్రీయాంప్ మార్చాను, రౌండింగ్ మళ్లీ చూశాను, సిమ్యులేషన్‌ను ల్యాప్‌టాప్ ఫలితంతో అంకె అంకె పోల్చాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నిద్ర లేదు, రివ్యూ దగ్గరపడుతోందని టెన్షన్. చివరికి రికార్డింగు తీసుకుని మేడమ్ దగ్గరికి వెళ్తే ఆవిడ గ్రాఫ్ చూడలేదు, ఒక్క ప్రశ్న అడిగారు.

"అక్కడ లోతు ఎంతమ్మా?"

నేను కొలవలేదు. తర్వాతి ఆదివారం తాడుకు రాయి కట్టి దించితే పన్నెండు అడుగులు, నాలుగు మీటర్లకు కాస్త తక్కువ. లోతు తక్కువ నీళ్లు శబ్దానికి ఇరుకు గొట్టం లాంటివి. అలపొడవులో నాలుగో వంతు కూడా పట్టనంత లోతులో ఆ శబ్దం దూరం పోలేదు, పుట్టినచోటే చచ్చిపోతుంది. 1500ను లోతుకు నాలుగు రెట్లతో భాగిస్తే దాదాపు 100 హెర్ట్జ్. అడుగు రాయిలా గట్టిగా ఉంటేనే ఆ లెక్క. మన కృష్ణ అడుగు ఇసుక, ఒండ్రు. అసలు హద్దు ఇంకా పైన. మొదట మైకు దగ్గర పోగొట్టింది నేను, రెండోసారి లెక్కల్లో పోగొట్టిందీ నేనే. ఈసారి మాత్రం ఆ శబ్దం నా మైకు దాకా రానేలేదు. నా బోర్డు నిజమే చెప్పింది, నేనే నమ్మలేదు.

మరి పడవ ఎలా తెలుస్తుంది? ఫ్యాను రెక్కలు నీళ్లను కోసేటప్పుడు బుడగలు పుట్టి పగులుతాయి. ఆ బుస శబ్దం కొన్ని వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది, దానికి పన్నెండు అడుగులు చాలు. అయితే ఆ బుస ఒకే స్థాయిలో రాదు, ప్రతి రెక్క తిరిగినప్పుడల్లా హెచ్చుతుంది, తగ్గుతుంది. అంటే రాలేని కింది చప్పుడు, రాగలిగిన పై చప్పుడు మీద ఎక్కి వస్తుంది. సోనార్ వాళ్లు దీన్ని డీమన్ అనాలిసిస్ అంటారు. చెవిలో దీనికి వేరే యంత్రం అక్కర్లేదు. కాక్లియాలో ఒక వరసలో ఉండే లోపలి వెంట్రుక కణాలు, మనిషికి చెవికి దాదాపు 3500, పొర ఒకవైపు కదిలినప్పుడే గట్టిగా పలుకుతాయి. మోడల్‌లో అది మైనస్ సగాన్ని కోసేసి మిగిలినదాన్ని నున్నగా చేసే ఒక చిన్న మెట్టు. నేను దాన్ని ఆగస్టులోనే రాసి పెట్టాను, మోడల్‌లో ఉంది కదా అని. అది దేనికో ఫిబ్రవరిలో అర్థమైంది.

6 వేల హెర్ట్జ్ చుట్టూ ఉన్న ఛానళ్ల నుంచి ఆ నున్నటి గీతను పది సెకన్లు తీసుకుని, అందులో ఏ వేగాలున్నాయో చూశాను. మూడు శిఖరాలు. 10 దగ్గర చిన్నది, 20 దగ్గర పెద్దది, 60 దగ్గర ఇంకోటి. ఇంజన్ నిమిషానికి 1200 తిరిగితే సెకనుకు 20. మూడు రెక్కలైతే 60. ఒక సిలిండర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకోసారి పేలుతుంది కాబట్టి 10. అంతా సరిపోయింది, ఒక్కటి తప్ప. మూడు రెక్కలూ ఒకేలా ఉంటే 60 పెద్దదిగా ఉండాలి. 20 ఎందుకు అంత పెద్దదైంది?

ఆయన పడవ కట్టేస్తుంటే అడిగాను.

"తాతా, ఫ్యానుకి మూడు రెక్కలేనా?"

"మూడే."

"మూడూ బాగున్నాయా?"

ఆయన నావైపు ఒకసారి చూసి, కడ్డీని పైకెత్తాడు. ఒక రెక్క అంచు బొటనవేలి గోరంత విరిగి ఉంది.

"వరద తర్వాత రేవులో రాయికి తగిలిందమ్మాయ్. నీకెవరు చెప్పారు?"

ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టి, ఆ ఒక్క ఛానల్ వినిపించాను. బుస, దాని మీద గబగబా కొట్టుకునే దడ. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

మేడమ్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. 20 అనేది ఇంజన్ పేలుడు 10కి రెట్టింపు కూడా కావచ్చు, విరిగిన రెక్క చూశావు కాబట్టి అదే కారణమని అనుకుంటున్నావేమో అన్నారు. సరైన మాట. మార్చిలో ఆయన కొత్త ఫ్యాను వేయించాడు. అదే రేవు, అదే ఇంజన్, అదే వేగం. మళ్లీ పది సెకన్లు తీశాను. 10 ఉన్నచోటే ఉంది, 60 ఉంది. 20 దాని పక్కన కనీకనపడనంత చిన్నదైంది.

బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజున మాత్రం నీళ్ల హోరుకు పై ఛానళ్లన్నీ నిండిపోయి, ఆ దడ మళ్లీ కనిపించకుండా పోతోంది. కార్‌ఫాక్‌లో నేను వదిలేసిన సగం, గట్టి శబ్దం రాగానే ఆ మెట్టు తనంతట తాను తగ్గించుకునే భాగం, ఇలాంటి రోజుకే. దానికి మెట్టుకు ఇంకో రెండు గుణకారాలైనా కావాలి, 32లో నా దగ్గర మిగిలినవి 14 క్లాకులు. ఇప్పుడు అదే రాస్తున్నాను.